వెనక వరసలో బేస్ గిటారు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పదకొండేళ్ళు బేస్ గిటారు వాయించాను గానీ, వేదిక మీద ఒక్కనాడూ బార్లు, అంటే పాటలో నాలుగేసి దెబ్బల కొలతలు, లెక్కపెట్టలేదు. నాతో వాయించినవాళ్ళు నాకు లెక్క గట్టిగా వచ్చనుకునేవాళ్ళు. నేను లెక్కపెట్టేదాన్ని కాదు, నడిచేదాన్ని. మనసులో, ఆత్మకూరులో మా వీధి వెంట.

మా ఇంటి నుంచి పిండిమిషను దాకా ఎనిమిది గడపలు. ఒక్కో గడప ఒక్కో బారు. పిండిమిషను దగ్గరికి చేరితే పాటలో మొదటి భాగం అయిపోయినట్టు. అదే భాగం ఇంకోసారి ఉంటుంది కాబట్టి మళ్ళీ మా గడప నుంచి మొదలుపెట్టి అదే దారిన పోతాను. ఈసారి మిషను దగ్గర పక్కకు తిరిగి అంగళ్ళ సందులోకి దిగుతాను. అక్కడ వెలుతురు వేరు, వాసన వేరు. పాటలో ఈ భాగాన్ని బ్రిడ్జి అంటాం, అక్కడ కార్డ్స్ అనే స్వరాల గుంపులు కూడా వేరే. ఆ సందులోనూ ఎనిమిది అంగళ్ళు. అవి దాటి బయటికొస్తే మళ్ళీ మా వీధి, మళ్ళీ ఆ ఎనిమిది గడపలు. అంతే, పాట ఒక చుట్టు అయిపోయింది. మేము వాయించే జాజ్ పాటల్లో చాలావాటి కట్టడం ఇదే. పల్లవి, మళ్ళీ పల్లవి, చరణం, పల్లవి అనుకుంటే మనవాళ్ళకు తేలిగ్గా పట్టుబడుతుంది.

మీకు మీ వీధి ఉంటుంది. వేళ్ళు మడిచి లెక్కపెట్టే కంటే అది నయం. లెక్క భయంలో తప్పుతుంది. పుట్టిన వీధిలో ఎవరూ దారి తప్పరు.

నా ఎడమచేతి చివరి రెండు వేళ్ళకు స్పర్శ తగ్గిపోయింది. మోచేతి దగ్గర నరం నలిగిందని డాక్టరు చెప్పాడు. రాయడానికి, వంటకు ఇబ్బంది లేదు. తీగ మీద వేలు సరిగ్గా పడిందో లేదో మాత్రం తెలియదు. ముప్పై నాలుగేళ్ళకు రిటైరయ్యానంటే మా అమ్మ నవ్వింది. "గవర్నమెంటోళ్ళు గూడా అరవై దాకా చేస్తారు గదమ్మీ" అంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం నాకు తెలిసింది రాసి పెడుతున్నాను. మనుషుల ముందు నిలబడి చెప్పమంటే నా వల్ల కాదు. కాగితం మీద అయితే ఎవరికైనా ఏమైనా చెప్పగలను.

మా పని

నలుగురి జట్టులో ముందు నిలబడేది ఒకరే. మా జట్టులో క్లారినెట్. వెనక డ్రమ్స్, కీబోర్డు, బేస్. ముందున్న మనిషి మొదట పాటను ఉన్నదున్నట్టు వాయిస్తాడు. ఆ తర్వాత అదే పాట మీద అప్పటికప్పుడు తోచింది అల్లుకుంటూ పోతాడు. అది సోలో. వినేవాళ్ళకు పాట ఆగిపోయి ఇంకేదో మొదలైనట్టు ఉంటుంది. పాట ఆగదు. అదే కొలతలో, అవే కార్డ్స్ మీద, కింద తిరుగుతూనే ఉంటుంది. తిప్పేది వెనకున్న ముగ్గురం.

బేస్ పని చెప్తాను. బారుకు నాలుగు స్వరాలు. మొదటిది ఇప్పుడు ఏ కార్డ్ మీద ఉన్నామో చెప్పాలి. నాలుగోది తర్వాత ఎక్కడికి పోతున్నామో చెప్పాలి. మధ్య రెండూ ఆ దారి. డ్రమ్స్ వాయించే మనిషి ఎనిమిది బార్లు ముగిసేచోట చిన్న దెబ్బతో మలుపు చెప్తాడు, బ్రిడ్జిలోకి దిగగానే వాయించే సింబల్‌ను, అంటే ఇత్తడి పళ్ళేన్ని, మారుస్తాడు. సోలో వాయించే మనిషి ఊపిరి తీసుకునే సందుల్లో కీబోర్డు కార్డ్స్ వేస్తుంది. మొత్తం వేయకూడదు, అవసరమైనంతే.

ఇందులో కష్టమేముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కష్టం వేళ్ళలో లేదు, పెంపకంలో ఉంది. నేను పెరిగింది చర్చి పాటల్లో. మా చర్చిలో వాద్యం పాటను నడపదు, పాట వెంట పోతుంది. ముందు వరసలో కూర్చున్న ముసలవ్వలకు ఒక మాట మీద గుండె కరిగి రెండింతలు సాగదీస్తే, డోలకూ హార్మోనియమూ కాచుకొని ఉండాల్సిందే. అవ్వ తప్పు పాడిందని ఎవరూ అనరు. అవ్వ ఎక్కడుంటే పాట అక్కడుంది. పన్నెండేళ్ళప్పటి నుంచి నేను నేర్చుకున్న మర్యాద అది.

గఫార్ భాయ్

నాకు పని నేర్పిన పెద్ద గఫార్ భాయ్. కర్నూలు పాతబస్తీ మనిషి. వయసులో ఉన్నప్పుడు బెంగళూరు హోటళ్ళలో డ్రమ్స్ వాయించి, తల్లి మంచాన పడితే తిరిగొచ్చి ఇక్కడ ఆర్కెస్ట్రా పెట్టుకున్నాడు. పెళ్ళి రిసెప్షన్లకు పోయేవాళ్ళం. జనం భోజనాలు చేసే మొదటి గంట జాజ్, తర్వాత సినిమా పాటలు. ఆ మొదటి గంట ఎవరూ వినరు. "ఎవురూ ఇనని గంటే మన గంట, బేటా" అనేవాడు.

మొదటి నెలలోనే నన్ను ఒక మాట అన్నాడు. అప్పట్లో ట్రంపెట్ వాయించే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన ఊపిరి కోసం ఆగిన ప్రతిచోటా నేను పై తీగ మీద ఒక అలంకారం పెట్టేదాన్ని. నాకు అది చాలా బాగుందనిపించేది. కార్యక్రమం అయ్యాక గఫార్ భాయ్ స్టాండ్లు మడుస్తూ అడిగాడు.

"ఆయన మాట్లాడతాంటే నువ్వు మధ్యలో తలకాయ పెడ్తాండావు, ఎందుకు?"

"ఖాళీగా ఉందని..."

"అది ఖాళీ కాదు. ఆయన జగా. ఆయన ఊపిరి పీల్చుకునే జగా. దాండ్లో నీ సామాను పెడ్తే మనిషి యాడ కూచుంటాడు?"

అలంకారాలు ఆ రోజుతో మానేశాను. సోలో వాయించే మనిషి కింది స్థాయిలో ఉంటే మీరు పైకి ఎక్కకండి. ఆయన వేగంగా పోతుంటే మీరూ పరుగెత్తకండి. ఆయన ఎంత ఎగిరితే మీరు అంత మామూలుగా ఉండాలి.

గఫార్ భాయ్ గొప్ప గురువు, చెడ్డ యజమాని. ఎవరినీ మెచ్చుకునేవాడు కాదు. తను సమయానికి వచ్చింది ఎప్పుడూ లేదు. నాకు సిగ్గు పోవాలని రిసెప్షన్లలో చెప్పకుండా నా వైపు డ్రమ్స్ కర్ర చూపించి బేస్ సోలో వాయించమనేవాడు. నా చెవుల్లో హోరు తప్ప ఏమీ వినిపించేది కాదు. దాంతో సిగ్గు పోలేదు, ఆ పాటల మీద ప్రేమ కొంత పోయింది. ఈ విషయంలో ఆయనది తప్పేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. బిడియం ఉన్నవాళ్ళు ఇతరులు చెప్పేది బాగా వింటారు. మా పనికి అదే పెట్టుబడి. అయితే బిడియానికి ఇంకో గుణం ఉంది. ఎదుటి మనిషికి అడ్డం చెప్పలేదు. దానివల్ల ఏమవుతుందో ఓబులేసన్న వచ్చాక తెలిసింది.

మొదటి శనివారం

నేను ఈ పనిలోకి వచ్చిన ఎనిమిదేళ్ళకు కర్నూలు దగ్గర హైవే పక్కన కొత్తగా హోటలు కట్టారు. శనివారం సాయంత్రాలు భోజనశాలలో వాయించడానికి మా జట్టును అడిగారు. ట్రంపెట్ పెద్దాయన అప్పటికే మానేశాడు. గఫార్ భాయ్ కడప నుంచి ఓబులేసన్నను పిలిపించాడు.

ఓబులేసన్న పెళ్ళి బ్యాండులో క్లారినెట్. నలభై దాటిన మనిషి, చామనచాయ, పెద్ద నవ్వు. ఊరేగింపులకు డీజే పెట్టెలు వచ్చాక ఆయన బ్యాండుకు పిలుపులు తగ్గి, చివరికి ఆగిపోయాయి. బామ్మర్ది కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవర్‌గా పని కుదిర్చి పెట్టాడు. ఔనో కాదో చెప్పాలి. హోటల్లో పని దొరికితే ఉండిపోతాడు. దొరక్కపోతే క్లారినెట్ అమ్మేసి విమానం ఎక్కుతాడు. వచ్చిన రోజే ఇదంతా మాకు నవ్వుతూ చెప్పాడు.

"కువైట్‌లో గూడా వాయించుకోవచ్చు గదా" అన్నాడు మా కీబోర్డు జయరాజన్న. ఈయన కోయిలకుంట్లలో బడిపంతులు, చర్చి కీబోర్డు కూడా ఆయనదే.

"యాడప్పా? కారు నడిపేటప్పుడు ఊదాల్నా?"

ఆ క్లారినెట్ శబ్దం నేను మరిచిపోలేను. మిగతావాళ్ళ సోలోలో స్వరాలు వినిపించేవి, ఆయన సోలోలో మనిషి వినిపించేవాడు. పాట కూడా ఒకసారి వింటే పట్టేసేవాడు. కొలత మాత్రం పట్టేవాడు కాదు. మొదటి శనివారమే అది బయటపడింది.

జయరాజన్న కట్టిన పాట ఒకటి మొదలుపెట్టాం. సోలోలో మొదటి చుట్టు బాగానే పోయింది. రెండో చుట్టులో ఒక బల్ల దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. ఓబులేసన్న ముఖం వెలిగిపోయింది. చప్పట్లు తెచ్చిన ఆ ముక్కనే మళ్ళీ వాయించాడు, ఇంకోసారి వాయించాడు. పెళ్ళి ఊరేగింపులో పద్ధతి అదే. పెళ్ళికొడుకు స్నేహితులు ఎక్కడ చిందులేస్తే బ్యాండు అక్కడ ఆగి, వాళ్ళు అలిసేదాకా ఆ ముక్కనే తిప్పుతుంది. ఇరవై ఏళ్ళు అలా బతికిన మనిషి. ఆయన అలా తిప్పేసరికి బ్రిడ్జి మొదలు కావాల్సిన చోటు దాటిపోయింది.

నా కళ్ళు ఆయన వేళ్ళ మీదే ఉన్నాయి. ఆయన ఆగితే నేనూ ఆగాను. పెద్ద మనిషిని నడిదారిలో వదిలేసి పోవడానికి నా చెయ్యి రాలేదు. గఫార్ భాయ్ మాత్రం మలుపు దెబ్బ ఎక్కడ పడాలో అక్కడే కొట్టి, సింబల్ మార్చి బ్రిడ్జిలోకి పోయాడు. జయరాజన్న కాసేపు మా వైపు, కాసేపు అటువైపు ఊగి చివరికి డ్రమ్స్ వెంట పోయాడు. నేను, ఓబులేసన్న ఒక చోట, వాళ్ళిద్దరూ ఇంకో చోట. సంగతేమిటో ఆ భోజనశాలలో ఎవరికీ తెలియదు. ఏదో బాగాలేదని మాత్రం స్పూన్లు పట్టుకున్న ప్రతి మనిషికీ తెలిసింది. డ్రమ్స్ ముగిశాక కూడా క్లారినెట్ ఇంకా మోగుతూనే ఉంది.

మేనేజరు కుర్రవాడు మర్యాదస్తుడు. "ట్రాక్ పెట్టుకొని పాడే అమ్మాయి ఒకరు అడుగుతున్నారు సార్. వచ్చే శనివారం కూడా చూసి చెప్తాను" అన్నాడు.

బయట మెట్ల మీద ఓబులేసన్న డ్రమ్స్ పెట్టె పక్కన కూర్చున్నాడు.

"నా వల్లే గదా భాయ్?"

"నీ వల్ల సగం" అన్నాడు గఫార్ భాయ్. కర్ర నా వైపు తిప్పాడు. "ఈ పిల్ల వల్ల సగం."

నాకు కోపం వచ్చింది. నేనొక్కదాన్నే కదా ఆయనకు తోడున్నాను అనుకున్నాను.

రేకుల షెడ్డులో

ఆ వారం గఫార్ భాయ్ ఇంటి మిద్దె మీద రేకుల షెడ్డులో సాధన. ఓబులేసన్న కడపకు పోకుండా జయరాజన్న చుట్టాల ఇంట్లో ఉన్నాడు. జయరాజన్న పాట కట్టడాన్ని పలక మీద గీసి చూపించాడు. "నాకు రాతలు ఎక్కవప్పా" అన్నాడు ఓబులేసన్న. కాలితో కొలత వేయమన్నాడు జయరాజన్న. కాలు వేస్తే ఊపిరి పోయేది, ఊపిరి చూసుకుంటే కాలు ఆగేది.

మూడో రోజు గఫార్ భాయ్ నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు.

"ఆయన లెక్క నేర్సుకోడు. ఇంక నాలుగు రోజుల్లో యా మనిషీ మారడు. నువ్వు మారాల."

"నేనేం చెయ్యాలి భాయ్?"

"ఆయన లెక్కపెట్టే పని లేకుండా నువ్వు వాయించాల. చెయ్యెత్తి సూపిచ్చినట్ల ఉండాల, ఇది బ్రిడ్జి, ఇది మొదలు అని. ఆయన యాటికన్నా పోనీ, తిరిగొస్తే ఇల్లు ఉన్నచోటనే ఉండాల. ఆయన యెంబడి నువ్వు ఇల్లు మోసుకుంటా పోతే, ఆయన తిరిగి యాడికి రావాల?"

ఆ మధ్యాహ్నం మిగతా ఇద్దరినీ భోజనానికి పంపి నేను, ఓబులేసన్న మాత్రం సాధన చేశాం. డ్రమ్స్ లేవు, కీబోర్డు లేదు. ప్రతి భాగం మొదట్లో నా గిటారులో అన్నిటికంటే కింది స్వరం వాయించి నిలిపేదాన్ని. బ్రిడ్జిలో మాత్రం నాలుగు స్వరాలకు బదులు బారుకు రెండే. అక్కడ నేల ఒక్కసారిగా వెడల్పయినట్టు ఉండేది. నాలుగైదు చుట్లు అయ్యాక ఓబులేసన్న కళ్ళు మూసుకొని, "ఆఁ, ఇప్పుడు పక్కకు దిరిగినాం" అన్నాడు. అది బ్రిడ్జి మొదటి బారు. నాకు ఒళ్ళు ఝల్లుమంది.

తర్వాత ఆయన కావాలని ఒక ముక్కను మళ్ళీ మళ్ళీ తిప్పాడు. నేను ఆగలేదు. ఆయన క్లారినెట్ దించాడు.

"ఏంది మ్మా, నన్ను ఇడ్సిపెట్టి పోతాండావు?"

"పాట పోతుందన్నా."

"మా బ్యాండులో నేను యాడ నిలబడితే డోలు ఆడ నిలబడాల్సిందే. రేపు ఆడ జనం ముందర నేను తప్పితే, నువ్వు నా దగ్గరికి రావా?"

వయసులో పెద్దవాడు, పొట్ట కోసం వచ్చినవాడు, నన్ను నమ్మి అడుగుతున్నాడు. వస్తాను అని ఉంటే ఆ క్షణానికి ఇద్దరికీ హాయిగా ఉండేది.

"రాను" అన్నాను.

"శానా గట్టిదానివే!"

"నేను వస్తే ఇద్దరం పోతామన్నా. నువ్వు ఆగు. ఊదడం ఆపేసి కింద ఏం వాయిస్తున్నానో విను. కింది స్వరం పడంగానే మొదలుపెట్టు. నేను అక్కడే ఉంటాను."

ఆయన క్లారినెట్ మూతి దగ్గరి రీడు నాలుకతో తడుపుకున్నాడు. "ఊదకుండా ఊరకుంటే జనం ఏమనుకుంటారు?"

"ఊపిరి పీల్చుకుంటున్నాడు అనుకుంటారు."

పగలబడి నవ్వాడు. "నేర్పు మ్మా, నేర్పు. ఊరకుండేది గూడా నేర్పు."

రెండో శనివారం

ఆ సాయంత్రం భోజనశాల నిండుగా ఉంది. ఏదో నిశ్చితార్థం చేసుకొని వచ్చిన కుటుంబం మూడు బల్లలు కలుపుకొని కూర్చుంది. మేనేజరు గల్లా దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాడు. మేము అదే పాట ఎత్తుకున్నాం.

ఓబులేసన్న సోలో మొదటి చుట్టు చక్కగా ముగించాడు. రెండో చుట్టులో నిశ్చితార్థం బల్ల నుంచి ఒక ముసలాయన లేచి, రుమాలు తిప్పుతూ చిందులు మొదలుపెట్టాడు. ఆ కుటుంబమంతా కేకలు పెట్టింది. ఓబులేసన్నకు ఊరేగింపు ఎదురొచ్చింది. ఆయన ఆ ముక్కను పట్టుకున్నాడు. తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు.

మలుపు దెబ్బ పడింది. గఫార్ భాయ్ సింబల్ మార్చాడు. జయరాజన్న నా వైపు చూశాడు, ఎటు అన్నట్టు. ఓబులేసన్న వెంట వద్దని నేను తల అడ్డంగా ఊపాను. కింది స్వరం వాయించి నిలిపాను. బ్రిడ్జిలోకి దిగాం, క్లారినెట్ లేకుండా. అది ఇంకా వెనకే ఉంది, ముసలాయన రుమాలు దగ్గర. పైన ఒక పాట, కింద ఒక పాట. రెండూ ఒరుసుకుంటున్నాయి. ఒక బారు. ఇంకో బారు. ఆయన తల సగం నా వైపు తిరిగింది. ఆ చూపులో అడగడం ఉంది. నా వేళ్ళు పక్కకు జరగాలని ఎంత కొట్టుకున్నాయో నాకే తెలుసు. బారుకు రెండు స్వరాలు. ఉన్నచోటనే.

క్లారినెట్ ఆగిపోయింది.

ఆ ఖాళీని ఎవరూ నింపలేదు. జయరాజన్న కూడా మీటల మీంచి చేతులు తీసేశాడు. బేస్, సింబల్, అంతే. ముసలాయన అడుగులు ఆ నెమ్మదికి తగ్గట్టు మారాయి. ఓబులేసన్న కళ్ళు మూసుకున్నాడు. బ్రిడ్జి చివరి బారులో గఫార్ భాయ్ మెట్లు దిగినట్టు నాలుగు దెబ్బలు కొట్టాడు. నేను కింది స్వరం వాయించాను. సరిగ్గా ఆ స్వరం మీద క్లారినెట్ లేచింది, చివరి పల్లవిలోకి. భోజనశాల చప్పట్లతో మోగిపోయింది. అదంతా ముందే అనుకొని చేసినట్టుంది. ఆయన అప్పుడు వాయించిన ఎనిమిది బార్లంత బాగా నేను ఆ తర్వాత కూడా ఎవరి దగ్గరా వినలేదు.

మేనేజరు వచ్చి, "మధ్యలో సార్ ఆగారు చూడండి, అది చాలా బాగుంది. ప్రతివారం అలాగే ఆపండి" అన్నాడు.

"ఆపుతాంలే సార్" అన్నాడు ఓబులేసన్న. మెట్ల మీదికి రాగానే బామ్మర్దికి ఫోను చేశాడు. "రాలేను లేప్పా. ఈడ పని కుదిరినాది... ఏం పనా? ఊరకుండే పని!"

గఫార్ భాయ్ ఆ రోజు కూడా నన్ను మెచ్చుకోలేదు. నా గిటారు పెట్టె తనే మోసి ఆటోలో పెట్టాడు.

ఇందులో మీరు తీసుకోవాల్సింది ఎప్పుడూ కదలకండి అని కాదు. కొందరు సోలోయిస్టులు తెలిసే కొలత మారుస్తారు, అప్పుడు పోవాలి. పాట పాడే మనిషి ఒక మాట మింగేస్తే పోవాలి. చర్చిలో అవ్వల వెంట నేను ఇప్పటికీ పోతాను. కానీ మనిషి దారి తప్పి మీ వైపు చూసినప్పుడు జాలిపడి కదిలిపోకండి. మీరు కదిలితే ఆయనకు తోడు దొరుకుతుంది, దారి దొరకదు. నిలబడటం కఠినంగా కనిపిస్తుంది. పరవాలేదు, కనిపించనివ్వండి.

చివరి వారం

ఆ తర్వాత మూడేళ్ళు ప్రతి శనివారం వాయించాం. ఓబులేసన్న తప్పడం పూర్తిగా మానలేదు. తిరిగి పాటలోకి దిగే చోటు మాత్రం ఆయనకు తెలిసిపోయింది. పోయిన నెల నా వేళ్ళ సంగతి గఫార్ భాయ్‌కు చెప్పాను. నంద్యాల నుంచి ఒక అమ్మాయిని తెచ్చుకున్నారు. ఇరవై రెండేళ్ళు, నాకంటే చురుకైన చెయ్యి, చర్చి పిల్లే. రెండు వారాలు పక్కన కూర్చోబెట్టుకొని చూపించాను. నా గిటారు ఆమెకే ఇచ్చేశాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక పని మానేసి ఊరికి పోతున్న నన్ను ఓబులేసన్న ఆత్మకూరు బస్సెక్కించడానికి కర్నూలు బస్టాండుకు వచ్చాడు. సీటు పట్టి పెట్టాడు. కిటికీ దగ్గర నిలబడి వేరుశనక్కాయల పొట్లం ఇచ్చాడు. కండక్టరు విజిల్ వేశాక బస్సు కదిలింది. ఆయన పక్కనే రెండడుగులు నడిచి, కిటికీ ఊచ మీద చెయ్యి వేశాడు.

"కొత్త పాప శానా బాగా వాయిస్తాది మ్మా. కానీ నేను రవ్వంత తడబడితే సాలు, నా మొకం జూసి నా యెంబడి వచ్చేస్తాది. వద్దని నువ్వు జెప్పు. నా మాట ఇనదు."